నీడనొక్కు

కీబోర్డును బోర్లా తిప్పి అరచేత్తో మెల్లగా తట్టింది ఇందుమతి. లోపల ఏదో గలగలమంది. బల్ల మీద పరిచిన తెల్ల కాగితం పైకి నల్లటి ప్లాస్టిక్ గింజలు ఒకటొకటిగా రాలాయి. ఆవగింజంత ఉన్నాయి. ఏరి వరసగా పెడితే పంతొమ్మిది తేలాయి.

కంగారు తర్వాత వచ్చింది. ముందు కుతూహలమే. ఇల్లు తగలబడుతుంటే మంట ఏ రంగులో ఉందో చూసే మనిషివి నువ్వు, అనేవాడు ఆమె భర్త చక్రధర్.

ఆ కీబోర్డుకు నలభై ఏళ్ళ వయసు, రెండున్నర కిలోల బరువు. విశాఖలో కొండ మీది ఆ మనస్తత్వశాస్త్ర ప్రయోగశాలలో అంతకంటే పాత వస్తువు ఇంకొకటి లేదు. ఇప్పటి కీబోర్డులలో మీట కింద రబ్బరు పొర ఉంటుంది. దీన్లో ప్రతి మీట కిందా ఒక నిలువు స్ప్రింగు. మీటను నొక్కుతూ పోతే స్ప్రింగు కొంత దూరం వంగి, ఇక భరించలేనన్నట్టు పక్కకు ఒరుగుతుంది. 'టక్' మనేది అప్పుడే. వంగడం మొదలైన క్షణానికీ ఒరిగిన క్షణానికీ మధ్య ఉన్న కాస్త జాగాలోనే ఇందుమతి ఎనిమిదేళ్ళుగా కాపురం చేస్తోంది.

ఆమె కనిపెట్టింది చిన్న సంగతి. స్ప్రింగుల కింది పలకకు సన్నటి తీగలు చుట్టి, రెండంటే రెండు మీటలను, కాగితం మీద గీత గీసే రెండు ముళ్ళకు కలిపింది. కుడి మీట మీద ఆకుపచ్చ బొట్టుబిళ్ళ: అవును. ఎడమ మీట మీద ఎర్ర బొట్టుబిళ్ళ: కాదు. వచ్చిన మనిషి రెండు చూపుడువేళ్ళనూ రెండింటి మీదా ఆనించి కూర్చుంటాడు. ఆమె ప్రశ్న అడుగుతుంది. అతను ఆకుపచ్చ నొక్కుతాడు. కదిలే కాగితం మీద ఆకుపచ్చ ముల్లు లేస్తుంది. ఒక్కోసారి అదే క్షణంలో ఎర్ర ముల్లు కూడా కాస్త లేస్తుంది. రెండో వేలు యజమానికి తెలియకుండా తన మాట తాను చెప్పిందన్నమాట. దానికి ఆమె నీడనొక్కు అని పేరు పెట్టింది.

ఇన్నేళ్ళలో తేలిన ఫలితం ఒక్క వాక్యంలో పట్టేది. ప్రతి అవును వెనకా ఒక కాదు నక్కి ఉంటుంది. కాదు వెనక మాత్రం ఏమీ ఉండదు. పత్రికలకు ఆ వాక్యం తెగ నచ్చింది. పెళ్ళిళ్ళలో దాని మీద జోకులు కూడా పుట్టాయి. ఇప్పుడు ఒక కుటుంబ సలహా కేంద్రం వాళ్ళు, విడిపోతామని వచ్చే దంపతుల ముందు ఈ యంత్రాన్ని పెడతామన్నారు. సోమవారం వచ్చి చూస్తారు. ఇవాళ గురువారం.

ఈ మధ్య ముళ్ళు వణుకుతున్నాయి. ఎందుకో ఇప్పుడు తెలిసింది. స్ప్రింగులున్న ప్లాస్టిక్ చట్రాన్ని కింది ఇనుప పలకకు అరవై నాలుగు ప్లాస్టిక్ రివెట్లు పట్టి ఉంచుతాయి. వాటిలో పంతొమ్మిదింటి తలలు తెగి రాలిపోయాయి. మిగతావీ నేడో రేపో. రివెట్లన్నీ తీసేసి కన్నాలు తొలిచి, చిన్న మరలూ వాటికి నట్లూ బిగించుకోవాలి. రెండు మిల్లీమీటర్ల లావు, అంతే.

"ఇంత సన్నం మరలెక్కడ దొరుకుతాయమ్మా?" అంది పైడితల్లి చీపురు పక్కన పెట్టి. ఆమె పద్నాలుగేళ్ళుగా ప్రయోగశాల ఊడ్చే మనిషి. కాగితం మీది గింజలను చూసిందే గానీ దగ్గరకు రాలేదు.

* * *

పూర్ణా మార్కెట్ దగ్గర సన్యాసిరావు బోల్టుల కొట్టులో నిలబడి, కాగితం మడతలోంచి తెగిన రివెట్టు తీసి చూపించింది ఇందుమతి. ఆయన దాన్ని అరచేతిలో వేసుకుని కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు.

"ఇదేటి మేడమ్, పంట్లో ఇరుక్కున్నదా?"

"ఇంత లావు మరలు కావాలండీ. నట్లతో సహా."

"ఓడకి గావాలంటే నా తలకాయంత బోల్టు ఇప్పుడే ఇస్తాను. ఇదేటంటే సీమ కాలికి కడియం తొడగమన్నట్టున్నాది. కళ్ళజోళ్ళ కొట్లో అడగండి. ఆలు తప్పితే ఇంకెవులూ ఇంత సన్నానికి దిగరు."

డాబాగార్డెన్స్‌లో కళ్ళజోళ్ళ దుకాణంలో మరలు దొరికాయి. కానీ అవి మరీ సన్నం. నమూనాకు తెచ్చిన చట్రం ముక్కలో పెడితే కన్నంలోంచి జారి గచ్చు మీద పడ్డాయి. వాచీలు బాగుచేసే ముసలాయన తన డబ్బాలన్నీ తెరిచి చూపించి, తల అడ్డంగా ఊపాడు. పాత రేడియోలు విప్పే చోట లావు సరిపోయింది గానీ ఏ రెండు మరల చుట్లూ ఒకలా లేవు; ఒకదాని నట్టు ఇంకోదానికి ఎక్కలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆమె కాళ్ళు పీకాయి. ఒక పండ్ల బండి నీడలో ఆగి ఆలోచిస్తోంది. ఆలోచన ముదిరితే చెవి దుద్దు వెనక మరను అటూ ఇటూ తిప్పడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. రెండుసార్లు తిప్పింది. మూడోసారి వేళ్ళు ఆగిపోయాయి.

రెండు మిల్లీమీటర్ల లావు. సన్నటి చుట్లు. వెనక చిన్న నట్టు. రెండు రోజులుగా ఊరంతా వెతుకుతున్న వస్తువు నలభై ఏళ్ళుగా ఆమె చెవిలోనే ఉంది. నవ్వొచ్చింది. అంత నవ్వు బయటికి వచ్చి చాలా కాలమైందేమో, పండ్లవాడు తిరిగి చూశాడు.

కంసాలి వీధిలో గిల్టు నగల సామాన్లు అమ్మే వీరాచారి, ఇత్తడి మరల పొట్లం విప్పి ముందు పోశాడు.

"ఎన్ని జతలమ్మా?"

"అరవై నాలుగు మరలు. నట్లు కూడా అన్నే."

"పెళ్ళా? ఆడపిల్లలు ఎంతమందేంటి?"

"కీబోర్డుకండీ."

వీరాచారి కాసేపు ఆమె మొహం కేసి చూశాడు. "దానికి ముక్కు కూడా కుడతారా? ముక్కుపుడక మరలు వేరే ఉన్నాయి" అన్నాడు చాలా గంభీరంగా.

* * *

శనివారం ఉదయం మరలు బిగించడానికి ముందు, బాగుచెయ్యక ముందు ఎలా ఉందో కాగితం మీదికి ఎక్కించి పెట్టుకుందామనుకుంది. అది ఏ పరిశోధకురాలైనా చేసే పనే. గదిలో ఎవరూ లేరు. రెండు వేళ్ళు ఆనించే మనిషి కోసం ఎదురుచూడకుండా, పెన్సిలు మొనతో ఆకుపచ్చ మీటను నొక్కింది.

టక్. ఆకుపచ్చ ముల్లు లేచింది.

ఎర్ర ముల్లు కూడా లేచింది.

ఎర్ర మీట మీద ఏ వేలూ లేదు. మనసున్నది ఏదీ దాన్ని తాకి లేదు. ఆమె మళ్ళీ నొక్కింది. మళ్ళీ లేచింది. ఈసారి ఎర్ర మీటను నొక్కింది. ఆకుపచ్చ ముల్లు కదలలేదు.

పెన్సిలు పక్కన పెట్టింది. తర్వాత కీబోర్డును విప్పి, తెగిన రివెట్ల చోట్లు చూసింది. పంతొమ్మిదీ కుడివైపే. కుడివైపు పట్టు లేని ఆ పలక, ఒక కాలు కురచైన పీటలాంటిది. కుడి మీట నొక్కితే పలక మొత్తం ఒరుగుతుంది. ఎడమ తీగ కూడా కదులుతుంది. కదిలింది వేలో పలకో తీగకు తెలియదు. ఎడమవైపు గట్టిగా ఉంది కనక ఎడమ మీట నొక్కితే ఏమీ కాదు.

ప్రతి అవును వెనకా ఒక కాదు. కాదు వెనక ఏమీ ఉండదు. అది మనిషి స్వభావం కాదు. తెగిన రివెట్ల స్వభావం.

మీటలు తారుమారు చేసి ఉంటే ఇది ఎప్పుడో బయటపడేది. సగం మందికి అవును కుడివైపు, సగం మందికి ఎడమవైపు పెట్టాలన్నది ప్రయోగాలు నేర్చుకునే పిల్లలకు మొదటి పాఠం. ఆమె పెట్టి చూసింది కూడా. మూడో రోజున వచ్చిన బ్యాంకు ఉద్యోగిని ఎడమ చెయ్యి వెనక్కి తీసుకుని, "ఎడం చేత్తో అవునంటామా మేడమ్? బాగోదు" అంది. ఇంకొకాయన కుడి చేతిని ఎడమ మీదుగా వేసి నొక్కాడు. గీతలన్నీ చిందరవందర అయ్యాయి. అప్పుడు ఆమెకు కూడా లోపల ఎక్కడో వాళ్ళు అంటున్నది న్యాయమే అనిపించింది. ఎవరికైనా ఏదైనా ఇచ్చేటప్పుడు ఆమె కూడా కుడి చెయ్యే చాపుతుంది. ఎడమ చేతి అయిష్టత వల్ల తారుమారు విరమించాం అని నోట్సులో ఒక వాక్యం రాసి ముందుకు వెళ్ళిపోయింది.

ఇప్పుడు తేలవలసింది ఒక్కటే. ఎప్పటినుంచి?

భూతద్దం తెచ్చి ఒక రివెట్టు మొదలును చూసింది. తెగిన చోట గరుకు ముఖం మీద ఎర్రగా, గట్టిపడిన పొర ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. వాసన చూడనవసరం లేకపోయింది. కుంకుమ. పైపైన అంటింది కాదు. తెగిన ముఖంలోకి నీళ్ళతో ఇంకి ఎండింది. అంటే కుంకుమ నీళ్ళు పడేసరికే అవి తెగి ఉన్నాయి.

"పైడితల్లీ, ఒకసారి ఇలా రా."

వచ్చింది. భూతద్దం, కుంకుమ చూసింది.

"నాను సెప్పనేదమ్మా. బెదిరిపోనాను."

"ఏం చెప్పలేదు?"

"ఆ దసరాకి ఆయుధపూజ సేసినాం గదా, మిషన్లన్నిటికీ. మీరు ఊళ్ళో నేరు. గుమ్మడికాయకి గాటెట్టి, కుంకం నీళ్ళోసి, దిష్టి తియ్యడానికి పైకెత్తినాను. సెయ్యి జారి దబ్బున దీని మీద పడిపోనాది. లోపలికి నీళ్ళు కూడా ఎల్లినాయి. తుడిసేసినాను. నొక్కి సూస్తే అలాగే టకటకలాడినాది. ఆడతన్నాది గదా అని ఊరుకున్నాను."

"ఏ దసరా?"

"మా మనవరాలు పుట్టిన ఏడమ్మా. దానికిప్పుడు ఏడు నిండినాయి."

ఏడేళ్ళు. ఇందుమతి మొదటి సంవత్సరం నోట్సు తీసింది. ఆ దసరాకు ముందు ముప్ఫై రెండు మంది కూర్చున్నారు. వాళ్ళలో నీడనొక్కు పడింది నలుగురికే. అందులోనూ ఇద్దరికి కాదు వెనక అవును. దాని పక్కన ఆమె చేతి రాత: యంత్రం ఇంకా కుదురుకోలేదు, ఈ ఫలితాలు వదిలెయ్యాలి. పాడు కాని యంత్రం చెప్పినవి వదిలేసి, పాడైనది చెప్పినవి దాచుకుంది.

"నన్ను పన్లోంచి తీసేస్తారా అమ్మా?"

"నువ్వొక్కసారి జారవిడిచావు" అంది ఇందుమతి. "నేను ఏడేళ్ళు చూసుకోలేదు."

ఏడేళ్ళ కిందటి ఆ దసరా అక్టోబరులో వచ్చింది. చక్రధర్ ఆ కుర్చీలో కూర్చున్నది అదే ఏడు డిసెంబరులో.

* * *

చక్రధర్ పోర్టులో సముద్రం లోతులు కొలిచే ఉద్యోగి. ఓడలు వచ్చే దారిలో పడవ మీద తిరుగుతూ అడుగున మట్టి ఎంత పేరుకుందో పరికరంతో చూసి పటం గీస్తాడు. కళ్ళతో చూసి సముద్రం లోతు చెప్పే మనిషిని నమ్మకూడదన్నది అతని వృత్తిలో మొదటి సూత్రం.

ఆ డిసెంబరులో ఒక శనివారం అతను సరదాగా వచ్చి కూర్చున్నాడు. వంటలో ఉప్పు గురించి, సినిమాల గురించి పది ప్రశ్నలు అడిగింది. పదకొండోది జాబితాలో లేదు.

"నాతో ఉండటం మీకు ఇష్టమేనా?"

అతను నవ్వుతూ ఆకుపచ్చ నొక్కాడు. ఎర్ర ముల్లు నిలువునా లేచింది.

మూడు వారాలు ఆమె ఏమీ అనలేదు. అన్నం వడ్డిస్తూ అతని ఎడమ చేతిని చూసేది. చివరికి అతనే అడిగాడు, ఏమైందని. కాగితం తెచ్చి ముందు పెట్టింది. అతను దాన్ని తన పటాలను చూసినట్టే చూశాడు, వేలితో గీత వెంట నడుస్తూ.

"ఇది తప్పు చూపించే అవకాశం లేదా?"

"యంత్రానికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది?"

"అయితే నాలోనే ఎక్కడో ఉండి ఉంటుంది ఇందూ. నాకు కనపడలేదు, అంతే."

అతను కోప్పడి ఉంటే బాగుండేది. నమ్మాడు. అప్పటినుంచి తనలో తాను వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ ఒక్క క్షణం ఆగేవాడు, లోపలికి రావాలని ఉందా లేదా అని తనను తాను అడుగుతున్నట్టు. నాలుగు నెలల తర్వాత కాకినాడకు బదిలీ అడిగి వేయించుకున్నాడు. వెళ్ళే రోజున ఆమె ఒక్క మాటే అడిగింది: "దొరికిందా?"

"అంతలా వెతికితే దొరక్క ఎక్కడికి పోతుంది?" అన్నాడు.

* * *

సలహా కేంద్రానికి ఫోను చేసి, సోమవారం రావద్దని, తన ఫలితాలు తప్పని చెప్పింది. అవతలి మనిషి బతిమాలింది: "కాస్తో కూస్తో పనిచేసినా చాలండీ, మావాళ్ళు నమ్ముతారు." "నమ్ముతారనే వద్దంటున్నా" అని ఫోను పెట్టేసింది. రెండో ఫోను కాకినాడకు. అది చెయ్యడానికి ఇంకో గంట పట్టింది.

"ఒక కొలతలో తప్పు దొర్లింది. రేపు రాగలరా?"

"ఎవరి కొలత?"

"మీది."

అవతల పోర్టులో ఓడ కూత వినిపించింది. "ఎంత తేడా?"

"మొత్తం."

రాత్రి దాకా కన్నాలు తొలుస్తూ, ఇత్తడి మరలు ఒక్కొక్కటే బిగించింది. అరవై మూడు పూర్తయ్యాయి. చివరి నట్టు చేతిలోంచి జారి నేల మీద ఎగిరింది. పైడితల్లీ ఆమే గది మూలమూలలా వెతికారు; దొరకలేదు. కొట్లు మూసేసి ఉంటాయి. ఇందుమతి ఎడమ చెవి దుద్దు విప్పి, దాని నట్టు తీసి బిగించింది. ఎక్కింది.

ఆదివారం పది గంటలకు చక్రధర్ వచ్చాడు, చేతిలో కాజాల పొట్లంతో. జుట్టు చాలా నెరిసింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆగాడు. ఆ ఆగడం పోలేదు.

"ఎడం చెవి బోడిగా ఉందేం?"

"నట్టు కీబోర్డులో ఉంది."

ఆమె గుమ్మడికాయ సంగతి, వదిలేసిన ముప్ఫై రెండు మంది సంగతి చెప్పి, అన్నీ చూపించింది. తెగిన రివెట్లు, కుంకుమ, నిన్న పెన్సిలు మొనతో తీసిన గీత. అతని పాత గీతను దాని పక్కన పెట్టింది. రెండు ఎర్ర గీతలూ ఒకదాని మీద ఒకటి పెడితే అతికినట్టు సరిపోయాయి. అతను పెన్సిలు తీసుకుని తనే ఆకుపచ్చ మీటను నొక్కి చూశాడు. ఇప్పుడు ఎర్ర ముల్లు పడుకునే ఉంది.

"అయితే ఆ రోజు నేను నొక్కింది నొక్కినట్టే ఉంది."

"అవును."

"గుమ్మడికాయ." అతని భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడనుకుంది. కొంత నవ్వే. "మరి ఇందూ, నాకు దొరికిందే... అదెక్కడిది?"

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర కొలత లేదు. లేని చోట ఉందని చెబితే, ఆ మనిషి తవ్వి తవ్వి అక్కడ గొయ్యి చేసుకున్నాడు. ఇప్పుడు గొయ్యి నిజంగానే ఉంది.

"తెలీదు" అంది. "నేను పెట్టిందే అనుకుంటాను."

అతను కుర్చీ చూపించాడు.

"కూర్చో."

"మీరు కదా..."

"నాది అయిపోయింది. ఇన్నేళ్ళలో నువ్వెప్పుడైనా ఇందులో కూర్చున్నావా?"

కూర్చోలేదు. అడిగేవాళ్ళు కూర్చోకూడదని ఆమె నియమం. ఇప్పుడు కూర్చుంది. రెండు చూపుడువేళ్ళూ మీటల మీద ఆనించింది. బొట్టుబిళ్ళలు చెమటకు అంటుకున్నాయి. ఇంతమందిని కూర్చోబెట్టింది గానీ ఇక్కణ్ణుంచి ముళ్ళు కనిపించవని, అడిగేవాడి మొహం మాత్రమే కనిపిస్తుందని ఆమెకు తెలియదు.

చక్రధర్ కాగితం కదిలించి ముళ్ళ పక్కన నిలబడ్డాడు.

"ముప్ఫై రెండు మంది గీతలు వదిలేశావు. నాది దాచావు. ఆ రోజు ఎర్ర ముల్లు లేచినప్పుడు, అది లేవాలనే నీకు ఉందా?"

ఎడమ వేలు వెంటనే దిగింది. టక్. కాదు.

అతను కాగితం మీదికి వంగాడు. ఆమె లేచి పక్కకు వచ్చి చూసింది. ఎర్ర గీత నిటారుగా ఉంది. దాని కింద, అదే క్షణంలో, ఆకుపచ్చ గీత పైకి లేచి దిగింది. చాలా చిన్నది, గోటి కొనంత. కాదు వెనక ఏమీ ఉండదని రాసిన మనిషి వేలు గీసిన గీత అది.

"పలక కదిలిందేమోలే" అన్నాడు చక్రధర్ మెల్లగా, పటంలో ఒక తప్పును చూసీ చూడనట్టు వదిలేసే మనిషిలా.

ఇందుమతి కీబోర్డును తిరగేసింది. వేలి కొనతో ఒక్కొక్క మరనూ తడుముతూ, కుడి నుంచి ఎడమకు, చివరన తన చెవి నట్టు దాకా వెళ్ళింది.

"లేదండీ" అంది. "అన్నీ గట్టిగానే ఉన్నాయి."